డెల్టాకు కొత్తగా వచ్చినవారు చూడవలసినవి

రామచంద్రపురం చుట్టుపట్ల ప్రతి సార్వాకూ, ప్రతి దాళ్వాకూ కొత్త ముఖాలు కనబడతాయి. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి మూటాముల్లె కట్టుకుని వచ్చే కూలీలు కొందరు. ఈ మధ్య కాలంలో పశ్చిమ బెంగాల్ నుంచి ఊడ్పులకు దిగే ముఠాలు కొన్ని. రైసు మిల్లుల్లో, ఇటుక బట్టీల్లో పనికి కుదిరినవారు మరికొందరు. బదిలీ మీద వచ్చే గుమస్తాలు, టీచర్లు, సంఘం పని మీద వేరే జిల్లా నుంచి వచ్చే కార్యకర్తలు సరేసరి. వీళ్లలో చాలామంది గోదావరి జిల్లా అనగానే మనసులో ఒక జాబితా రాసుకునే వస్తారు. పులస పులుసు తినాలి. ఆత్రేయపురం పూతరేకులు రుచి చూడాలి. తాపేశ్వరం కాజా ఇంటికి పట్టుకెళ్లాలి. కొబ్బరితోటల్లో తిరగాలి, పడవెక్కాలి, ద్రాక్షారామం గుడి చూడాలి.

ఇందులో తప్పేమీ లేదు. కొత్త చోటికి వెళ్లినవాడు అక్కడి తిండీ తీర్థం చూడాలనుకోవడం సహజం. ఈ ఊళ్ల నుంచి అమెరికా వెళ్లిన పిల్లలు కూడా అక్కడి మొక్కజొన్న చేలు, పల్లె సంతలు చూసి రావాలని ఇలాగే రాసుకుంటారు. అయితే పర్యాటక శాఖ కరపత్రాల్లో కనబడే గోదావరి జాబితాకు రెండు లోపాలున్నాయి. అందులో గోదావరి ఉంటుంది గాని, గోదావరిని చేలోకి మళ్లించిన చేతులుండవు. ఇది ఒకటి. ఆ జాబితాలోని ప్రతి వస్తువునూ పండించి, మోసి, వలిచి, వండే మనుషుల్లో చాలామందికి వాటిని తీరిగ్గా చూసే వీలు గాని, కొనుక్కు తినే స్తోమతు గాని లేదు. ఇది రెండోది, ఇంకా పెద్దది.

కాబట్టి మేము ఇక్కడ మరో జాబితా ఇస్తున్నాము. ఇది కొత్తగా వచ్చినవారికే కాదు, ఇక్కడే పుట్టి ఇక్కడే నడుం వంగిన కూలీలకు కూడా.

మొదట ఆనకట్ట

డెల్టాలో ఏది చూడాలన్నా ముందు ధవళేశ్వరం చూడాలి. అక్కడ గోదావరి గౌతమి, వసిష్ఠ అనే రెండు పెద్ద పాయలుగా చీలుతుంది. 1832–33 నాటి నందన కరువులో కృష్ణా, గుంటూరు, గోదావరి ప్రాంతాల జనం అన్నం లేక మాడిపోయారు. కళ్లెదుట అంత పెద్ద నది సముద్రంలోకి పోతూనే ఉన్నది. చేలు మాత్రం ఎండిపోయాయి. ఆ తరవాత ఆర్థర్ కాటన్ పథకం మీద 1847లో ఆనకట్ట పని మొదలై 1852లో పూర్తయింది. ఇప్పుడు మనం చూసే బ్యారేజి పాత ఆనకట్ట స్థానంలో 1982 నాటికి తయారయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు, మొత్తం 175 గేట్లు. తూర్పు డెల్టా, మధ్య డెల్టా, పశ్చిమ డెల్టా కలిపి పది లక్షల ఎకరాలకు నీళ్లు ఇక్కణ్ణుంచే వెళతాయి. రామచంద్రపురం చేలకు వచ్చేది తూర్పు డెల్టా నీరు.

కాటన్ దొర విగ్రహాలు ఊరూరా ఉన్నాయి. దండలు వేస్తారు, మంచిదే. ఆయన పట్టుదల లేకపోతే ఆనకట్ట అంత తొందరగా రాదు. కాని కంపెనీ ప్రభుత్వం డబ్బు పెట్టింది ధర్మానికి కాదు, శిస్తు పెరుగుతుందని. రాయి కొట్టినవారు, మన్ను మోసినవారు, కాలవ తవ్వినవారు వేలాదిమంది కూలీలు. బ్యారేజి మీద నిలబడి నీళ్లు చూసేటప్పుడు, ప్రతి కాలవ గట్టూ ఎవరో తట్టతో మోసిపోసిన మన్నేనని ఒక్కసారి తలుచుకోండి. అక్కడి కాటన్ మ్యూజియం కూడా చూసి రండి.

మా మాట ఒకటే. ఏ సంఘమైనా ఏడాదికోసారి తమ ఊరి ఊడ్పు ముఠా ఆడవాళ్లను ఒక లారీ ఎక్కించి ధవళేశ్వరం చూపించి తీసుకురావాలి. చేలో మోకాలిలోతు నీళ్లలో బతుకు గడిపిన మనిషికి ఆ నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చూసే హక్కు ఉన్నది.

ఊడ్పు చేలో ఒక పూట

కొబ్బరిచెట్టు కింద ఫొటో తీయించుకోవడం అయిపోయాక, ఒక పూట ఊడ్పు చేను గట్టున నిలబడండి. వీలైతే దిగండి. కాలవలకు నీళ్లు వదిలాక ఆకుమళ్లు పోస్తారు. నారు అదును రాగానే ఆకు తీసి, కట్టలు కట్టి, దమ్ము చేసిన చేలో విసిరేస్తారు. అప్పుడు ఆడవాళ్లు వరసకట్టి వంగుతారు. పొద్దున వంగిన నడుం మధ్యాహ్నం అన్నాలవేళకు గాని లేవదు. కాళ్లకు జలగలు, వేళ్ల సందుల్లో ఒరుపులు, నెత్తిన వాన. ఎకరానికి ఇంతని గుత్తకు తీసుకున్న ముఠా అయితే పోటీ మీద ఊడుస్తుంది. ఎంత తొందరగా ఊడిస్తే అంత కూలి గనక, ఒంట్లో బాగోకపోయినా ఎవరూ గట్టెక్కరు.

కొత్తవారు ఇక్కడ కొన్ని ప్రశ్నలు అడగాలి. మగవాడికెంత, ఆడమనిషికెంత? 1976లోనే సమాన వేతన చట్టం వచ్చింది గదా, మరి గట్టు మీద రెండు రేట్లెందుకు? వరికోత మిషన్లు వచ్చాక కోతలు, కుప్పనూర్పుల పని ఎన్ని రోజులు తగ్గింది? వెదజల్లే సాగు వచ్చినచోట ఊడ్పుల పని ఏమయింది? మిషను రావడం తప్పని మేము అనము. నడుం విరిగే పని మిషను చేస్తే సంతోషమే. ఆ మిషను మిగిల్చిన డబ్బులో కూలీకి వాటా ఏదన్నదే ప్రశ్న.

ఇంకొకటి కూడా అడగాలి: ఈ చేను ఎవరిది, చేసేదెవరు? డెల్టాలో చాలాచోట్ల దున్నేది కౌలుదారు. ఆసామి పట్నంలో ఉంటాడు. కౌలు ఎకరానికి ఇన్ని బస్తాలని ముందే మాట అయిపోతుంది. పంట మునిగినా బస్తాలు మునగవు. 2011లో కౌలుదార్లకు రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది. దాని స్థానంలో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చి, పదకొండు నెలల ఒప్పందం మీద భూయజమాని సంతకం కావాలన్నారు. సంతకం పెడితే భూమి పోతుందేమోనని ఆసామి భయం. సంతకం లేకపోతే కార్డు రాదు. కార్డు లేకపోతే బ్యాంకు అప్పూ, పంట నష్టమూ కౌలుదారు గుమ్మం తొక్కవు. కూలీ ఇచ్చే రేటు గురించి కౌలుదారుతో తగాదా పడే ముందు, ఆ కౌలుదారు నెత్తిన ఎన్ని బస్తాలున్నాయో కూలీ కూడా తెలుసుకోవాలి. ఆ సంగతి తెలిస్తే తగాదా ఎవరితో పెట్టుకోవాలో తెలుస్తుంది.

తిండి సంగతి

ఇక అందరూ ఎదురుచూసే సంగతి. పులస సముద్రం చేప. సముద్రంలో ఉన్నప్పుడు విలస అంటారు. వానాకాలం ఎర్రనీరు తగిలాక గుడ్లు పెట్టడానికి గోదావరికి ఎదురీదుతుంది. ఆ ఈతలోనే దానికి రుచి వస్తుందని ఇక్కడి మాట. ధవళేశ్వరం దాకా వచ్చి ఆగిపోతుంది, ఆనకట్ట దాటి పైకి పోలేదు. పుస్తెలమ్ముకునైనా పులస తినాలని సామెత. సామెత కట్టినవాడి ఇంట్లో పుస్తెలు తాకట్టులో లేవు కాబోలు! ఇవాళ ఒక్క చేప వేల రూపాయలు పలుకుతుంది. రాత్రంతా నదిలో వల మీద కూచున్న పల్లెకారు దాన్ని ఇంట్లో వండుకోడు, అమ్ముకుంటాడు. దొరికితే తినండి, కాదనము. తినేటప్పుడు వల వేసినవాడికి అందులో ఎంత ముట్టిందో అడగండి.

పూతరేకులు ఆత్రేయపురం ఆడవాళ్ల చేతిపని. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చని బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డను కాలే కుండ మీద ఒక్కసారి లాగితే కాగితం కన్న పల్చని రేకు లేస్తుంది. పొద్దస్తమానం ఆ సెగ ముందు కూచోవాలి. 2023లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరి పేరుకు గుర్తింపు వచ్చింది, సరే. రేకు తీసే చేతికి రోజుకూలి ఎంత పెరిగిందన్నది కొనేవారు అడగవలసిన ప్రశ్న.

ఇవి కరపత్రాల్లో ఉన్న తిండి. లేని తిండి కూడా రుచి చూడండి. వేసవిలో తరవాణి కుండలోని చద్దన్నం, నంజుకోవడానికి ఉల్లిపాయ, మిరపకాయ. వానలు పడ్డాక కాలవల్లో, బోదెల్లో గుడ్డ అడ్డంపెట్టి పట్టిన చిన్న చేపల పులుసు. చేలగట్ల మీద పెరిగిన ఆకుకూర. ఒకప్పుడు కూలీ ఇంటికి ఇవి డబ్బు లేకుండా దొరికే బలం. పురుగుమందులు చేలోంచి కాలవలోకి, కాలవలోంచి మురుగుకోడులోకి దిగాక ఆ చేపలూ తగ్గాయి, ఆ నీళ్లలో దిగినవారికి దురదలూ పెరిగాయి. పులస తగ్గిందని పట్నంలో బాధపడతారు. కాలవలో చేప తగ్గిందని బాధపడేది పేటలో.

శాసనాల్లో గొర్రెల కాపరి

ద్రాక్షారామం రామచంద్రపురానికి పది కిలోమీటర్ల లోపే. పంచారామాల్లో ఒకటి. తూర్పు చాళుక్యుల నాటి గుడి, చాళుక్య భీముడు కట్టించాడంటారు. శ్రీనాథుడు భీమేశ్వర పురాణం రాసింది ఈ క్షేత్రం గురించే. దేవుడి మీద నమ్మకం ఉన్నవారు దణ్ణం పెట్టుకుంటారు, లేనివారు రాతిపని చూస్తారు. మేము మాత్రం గోడల మీద, స్తంభాల మీద ఉన్న శాసనాలు చూడమంటాము.

ఆ శాసనాల్లో రాజులు, రాణులు, సేనాపతులు, వర్తకులు చేసిన దానాలు చాలా ఉన్నాయి. అఖండదీపం దానాలు అందులో ఎక్కువ. దీపం వెలగాలంటే నెయ్యి కావాలి. నెయ్యి కోసం గొర్రెల మంద ఇస్తారు. మంద తీసుకున్న కాపరి, బోయడు, రోజుకు మానెడు నెయ్యి గుడికి పోయాలి. అతనొక్కడే కాదు, అతని కొడుకులు, మనుమలు కూడా పోస్తూ ఉండాలని రాతి మీద రాశారు. దానం పుణ్యం దాతకు, నెయ్యి బాధ్యత కాపరి వంశానికి! అయితే ఒక మేలు జరిగింది. ఆ నియమం పుణ్యాన కొందరు కాపరుల పేర్లు, వాళ్ల తండ్రుల పేర్లతో సహా రాతి మీద నిలిచిపోయాయి. వేయేళ్ల నాడు ఈ గడ్డ మీద మందలు మేపిన శ్రమజీవుల పేర్లు రాజుల పేర్ల పక్కన చదవగలిగే చోటు ఇది. పిల్లలను తీసుకెళ్లి చూపించండి. ఆ పాత లిపి చదవగల టీచరు తోడుంటే మరీ మంచిది.

కోటిపల్లి రేవు

ద్రాక్షారామం దాటి వెళితే కోటిపల్లి. గౌతమి అక్కడ విశాలంగా ఉంటుంది. పంటు ఎక్కి అవతలి ముక్తేశ్వరం రేవులో దిగితే కోనసీమ. సైకిళ్లు, మోటారు సైకిళ్లు, కొబ్బరి గెలలు, పెళ్లివారు, పరీక్షకు వెళ్లే పిల్లలు, అందరూ ఒకే పంటు మీద. గోదావరి చూడాలనుకునేవారికి ఇంతకన్న చౌకైన పడవ ప్రయాణం లేదు. వరద వస్తే పంటు ఆగుతుంది. ఆగినప్పుడు చుట్టు తిరిగి వెళ్లడానికి పట్టే పొద్దు, పెట్టే ఛార్జీ కూలివాడి రోజుకూలిని మింగేస్తాయి. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు గోదావరికి ఇవతల ఉన్న రామచంద్రపురాన్ని అవతలి అమలాపురం కేంద్రంగా ఉన్న జిల్లాలో కలిపారు. కలెక్టరాఫీసులో అర్జీ పెట్టాలంటే నది దాటాలన్నమాట.

కోటిపల్లి రైలుకు ఒక కథ ఉన్నది. కాకినాడ నుంచి రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా కోటిపల్లికి 1928లో లైను వేశారు. 1940లో యుద్ధం కోసమని ఆ పట్టాలు పీకి పట్టుకుపోయారు. మళ్లీ వేయడానికి 2004 దాకా పట్టింది. పీకడానికి ఒక ఉత్తరువు చాలింది, వేయడానికి అరవై నాలుగేళ్లు పట్టింది. ప్రజలకిచ్చిన సౌకర్యం ఎంత తొందరగా పోతుందో, ఎంత ఆలస్యంగా తిరిగొస్తుందో ఆ పట్టాలు చెబుతాయి.

తుల్యభాగ గట్టు

గోదావరి ఏడు పాయల్లో ఒకటిగా పేరున్న తుల్యభాగ ఈ ప్రాంతంలోనే పారుతుంది. చొల్లంగి దగ్గర అది సముద్రంలో కలిసే చోట అమావాస్య స్నానాలు చేస్తారు. ఇప్పుడు తుల్యభాగ ప్రధానంగా చేల మురుగునీరు తీసుకుపోయే కోడు. డెల్టాకు కాలవ ఎంత ముఖ్యమో కోడు అంత ముఖ్యం. నీళ్లివ్వడం సగం పని, తీసేయడం మిగతా సగం. కోడుల్లో గుర్రపుడెక్క పేరుకుని, పూడిక తీయక, గట్లు ఆక్రమణలో ఉంటే ఒక పెద్ద వానకే చేలు చెరువులవుతాయి.

ఇక్కడి ముసలివాళ్లను కదిపితే 1986 ఆగస్టు వరద చెబుతారు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద అది. 1996 నవంబరు 6 తుపాను చెబుతారు. ఆ ఒక్క రాత్రి వెయ్యిమందికి పైగా చనిపోయారు. బలుసుతిప్ప, భైరవపాలెం పల్లెకారులు వేటకు వెళ్లి తిరిగి రాలేదు. లక్షల కొబ్బరిచెట్లు పడిపోయాయి. చెట్లు పడితే రైతుకు ఆస్తి నష్టం అని రాశారు. చెట్టెక్కే దింపు కార్మికుడికి, కాయ వలిచే వలుపు కార్మికుడికి ఏళ్ల తరబడి పని నష్టం అని మాత్రం ఏ లెక్కలోనూ రాయలేదు.

2011లో కోనసీమ రైతులు సార్వా వేయకుండా దాదాపు లక్ష ఎకరాలు బీడు పెట్టారు. పంట విరామం అన్నారు. గిట్టుబాటు ధర లేదన్నారు, మురుగు పోదన్నారు, ఖర్చులు పెరిగాయన్నారు. ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. రైతు బాధ నిజమే. కాని కూలి రేట్లు పెరగడమే కారణమని కొందరు నింద కూలీ మీదికి నెట్టారు. ఆ సార్వాలో ఊడ్పు లేక, కలుపు లేక, కోత లేక ఖాళీ చేతులతో కూచున్నది ఎవరు? కోడు పూడిక తీయనిది కూలీ కాదు, ధాన్యం ధర నిర్ణయించేది కూలీ కాదు. తుల్యభాగ గట్టు మీద నడిచి ఆ గుర్రపుడెక్క చూసినవారికి ఇది ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

కనుమనాటి ప్రభలు

సంక్రాంతికి ఇక్కడుంటే కోడిపందేల బరుల దగ్గర రోజుకూలి తగలెయ్యకండి. కనుమనాడు అంబాజీపేట మండలంలోని జగ్గన్నతోటకు వెళ్లండి. పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు అక్కడికి చేరతాయి. రంగుగుడ్డలు, వెదుళ్లతో కట్టిన అంత ఎత్తు ప్రభలను మనుషులు భుజాల మీద మోస్తారు. దారిలో కౌశిక అడ్డువస్తే నీళ్లలో దిగి దాటిస్తారు. 2023 రిపబ్లిక్ దినోత్సవానికి ఢిల్లీలో మన రాష్ట్ర శకటం ఈ తీర్థమే.

ప్రభలు చేల మీదుగా, తోటల మీదుగా వెళతాయి. పైరు నలిగిందని ఆసామి ఆ రోజు నోరెత్తడు, పైగా అదృష్టమనుకుంటాడు. మంచి ఆచారం! మిగతా రోజుల్లో గట్టు మీద గేదెకు గడ్డి కోసుకునే కూలిమనిషిని కేకలేసే నోరు కూడా ఆ ఒక్కరోజు మూసుకుంటుంది. ఆ కాస్త సహనం ఏడాది పొడుగునా ఉంటే ఎంత బాగుండును!

వెంకటాయపాలెం

పర్యాటకుల జాబితాలో ఎన్నడూ చేరని ఊరు ఒకటి రామచంద్రపురం మండలంలో ఉన్నది. 1996 డిసెంబరు 29న వెంకటాయపాలెంలో దళిత యువకులను కొట్టి హింసించి, ఇద్దరికి శిరోముండనం చేశారు. కేసు కోర్టుల చుట్టూ తిరిగింది. 2024 ఏప్రిల్‌లో విశాఖపట్నం కోర్టు నేరం రుజువైందని పద్దెనిమిది నెలల జైలుశిక్ష వేసింది. శిక్ష పడినవారు పైకోర్టుకు వెళ్లారు. తీర్పు వినడానికి ఇరవైయేడేళ్లు దాటింది. అప్పుడు పుట్టిన పిల్లలు ఈలోగా పెళ్లిళ్లు చేసుకుని పిల్లలను కన్నారు.

2022 మేలో జిల్లాకు అంబేద్కర్ పేరు పెట్టినందుకు అమలాపురంలో ఇళ్లు తగలబెట్టిన సంగతి కూడా కొత్తవారు తెలుసుకోవాలి. పచ్చని చేలు, తియ్యని కొబ్బరినీళ్లు, మర్యాదగా ‘అండీ’ అని పలికే మాట, ఇవన్నీ నిజమే. ఆ ‘అండీ’ ఎవరికి అంటారు, ఎవరికి ‘ఒరేయ్’ అంటారన్నది కూడా నిజమే. ఈ రెండూ చూడనివారు గోదావరిని సగమే చూసినట్టు.

ఊరివాళ్లు చేయవలసినది

జాబితా అయింది. ఇప్పుడు ఊరివాళ్లతో ఒక మాట.

కొత్త ముఠా దిగగానే కొందరు ఆసాములు పాత ముఠాతో అంటారు: ‘వాళ్లు తక్కువకు ఊడుస్తామంటున్నారు, నువ్వేమంటావు?’ అప్పుడు మన కోపం ఆసామి మీదికి పోదు, కొత్తవాడి మీదికి పోతుంది. భాష రాదు, మన తిండి తినడు, మన పని పట్టుకుపోయాడు అనుకుంటాము. ఇది ఆసామికి ఖర్చులేని లాభం. ఈ జిల్లాల నుంచే వేలాదిమంది ఆడవాళ్లు కువైటుకు, ఇతర గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి వెళ్లారు. అక్కడ వాళ్లూ కొత్తవాళ్లే. మన అక్కచెల్లెళ్లకు అక్కడ ఏ మర్యాద, ఏ జీతం దక్కాలని కోరుకుంటున్నామో, మన చేలో దిగిన బెంగాలీ కూలీకి అదే దక్కాలి.

కనుక ప్రతి ఊళ్లో సంఘం ఈ పనులు చేయాలి. ముఠా దిగిన రోజే వెళ్లి పలకరించాలి. ఊళ్లో నడుస్తున్న రేటు ఎంతో చెప్పి, అంతకు తక్కువకు ఎవరూ దిగకుండా ఇద్దరూ కలిసి ఒక మాట మీద ఉండాలి. మేస్త్రి ఎంత తీసుకున్నాడు, కూలీకి ఎంత ఇచ్చాడన్నది కాగితం మీద రాయించాలి. పశువుల కొట్టంలోనో, రోడ్డు పక్క పట్టా కిందో కాకుండా బడి వరండానో, సామాజిక భవనమో విడిదికి అడిగి ఇప్పించాలి. ఆహార భద్రత చట్టం కింద సొంత రాష్ట్రంలో రేషను కార్డు ఉన్నవారు ఇక్కడి డిపోలోనూ బియ్యం తీసుకోవచ్చు. ఆ సంగతి వాళ్లకు చెప్పి, డీలరు కాదంటే వెంట వెళ్లాలి.

ఆ తరవాత ఒక సెలవు చూసుకుని పాత ముఠా, కొత్త ముఠా కలిసి ధవళేశ్వరం వెళ్లండి. కోటిపల్లిలో పంటు ఎక్కండి. గట్టున కూచుని అందరికీ సరిపడా పూతరేకులు కొనుక్కుని తినండి. ఈ డెల్టాను తమ రెక్కలతో పండించేవారికి ఈ డెల్టా అందాల మీద మొదటి హక్కు ఉన్నది. ఆ హక్కు ఎవరూ ఇంటికి తెచ్చివ్వరు. కలిసి వెళ్లి తీసుకోవాలి.